అమ్మకానికి పెట్టిన ఇల్లు: వాకిలి ఎంతవరకు బాగుచేయించాలి? వేపచెట్టు కొట్టించమంటుండారు

వేదాయపాలెం_అమ్మాయి
నెల్లూరులో వేదాయపాలెం వైపు మా నాయన 1994 లో కట్టించిన ఇల్లు అమ్మేద్దామని అనుకుంటుండాం. 30 అంకణాల స్థలం, తూర్పు ముఖం, కింద పోర్షను ఒక్కటే కట్టుబడి. నాయన పోయి రెండేళ్లయింది, అమ్మ హైదరాబాదులో నా దగ్గరే ఉండాది, ఇల్లు తాళమేసి ఏడాదిన్నర. ఇప్పటికి నలుగురు వచ్చి చూసిపొయ్యారు, నలుగురూ గేటు దగ్గరే మొహం మాడ్చుకున్నారంట, ఒకాయనైతే హాల్లోకి కూడా రాకుండా వెనక్కి తిరిగాడంట. బ్రోకరు ఏం చెప్తుండాడంటే వాకిట్లో ఉండే వేపచెట్టు కొట్టించెయ్యండి, నాయన వేసిన మొక్కలన్నీ పీకించి ముందరంతా పార్కింగు టైల్సు పరిపించండి, ఇనప గేటు తీసి స్టీలు గేటు పెట్టండి, మూడున్నర లక్షలవుతుంది కానీ ఇల్లు వారంలో పోతుంది అని. కొనేవాళ్లకి కారు పెట్టుకునే చోటు కళ్లకి కనపడాలంట. అమ్మకి ఈ మాట ఇంకా చెప్పలేదు. ఆ చెట్టు నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు నాటింది. అంత డబ్బు పెట్టి, చెట్టు కూడా పోగొట్టుకుని, తర్వాత ధర రాకపోతే ఏంది పరిస్థితి? మీలో ఎవరైనా అమ్మినోళ్లు ఉంటే చెప్పండి.

కావలి_కుర్రోడు
కొట్టించెయ్యక్కా. సెంటిమెంటు వేరు, అమ్మకం వేరు. వేపచెట్టు ఉంటే ఆకు రాలి డాబా తూము పూడిపోద్ది, కొనేవాడికి తలనొప్పి. ఇప్పుడు అందరికీ కారుంది.

మొక్కల_పిచ్చి
కొట్టించొద్దు. మళ్లీ చెప్తున్నా, కొట్టించొద్దు. మన నెల్లూరు మే నెల ఎండ సంగతి తెలిసి కూడా ముప్పై ఏళ్ల నీడని మీ అంతట మీరే తీయించుకుంటారా? కొన్నాయన కావాలనుకుంటే ఒక్క రోజులో కొట్టేసుకుంటాడు, కానీ చెట్టు కావాలనుకున్న మనిషి ముప్పై ఏళ్లు ఆగలేడు కదా. ఇంకోటి, 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం మన స్థలంలో చెట్టయినా సరే కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి, ఇది బ్రోకర్లు ఎవరూ చెప్పరు.

ఒంగోలు_గిత్త
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు, 30 అంకణాలంటే ఎన్ని గజాలు? మా వైపు గజాల్లోనే చెప్తారు.

పెన్నా_గట్టు
240 గజాలన్నా. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే, అక్కడి రేటు విని ఇక్కడ బేరం ఆడబోయి మా బావమరిది ఒకసారి గొడవ పడొచ్చాడు.

సైట్_ఇంజనీరు_ఒంగోలు
అమ్మా, కొట్టాలా వద్దా అనేదానికి ముందు నాలుగు విషయాలు చెప్పండి. చెట్టు ఏ మూల ఉంది? గేటు ఏ పక్క? ఇంటికి ఉత్తరం దక్షిణం సందులు ఎన్నెన్ని అడుగులు? నాన్నగారి మొక్కలు గోడకి ఆనుకుని ఉన్నాయా, కాంపౌండు వైపు ఉన్నాయా? అన్నిటికంటే ముందు ఒక మాట. నలుగురూ గేటు దగ్గరే మొహం మాడ్చారని మీరే రాశారు. చెట్టు చూసి మాడ్చారని ఎవరన్నారు, బ్రోకరే కదా? పక్కింటి వాళ్లు ఎవరినైనా అడిగి, వీధిలోంచి నడుచుకుంటా వచ్చి గేటు తీసి లోపలికి పొయ్యేదాకా ఫోన్లో వీడియో తీయించండి. కొనేవాడు నడిచినట్టే నడవమనండి.

వేదాయపాలెం_అమ్మాయి
చెట్టు ఆగ్నేయం మూల, గేటు ఈశాన్యం వైపు. ముందర 12 అడుగుల ఖాళీ. ఉత్తరం సందు పదడుగులు, దక్షిణం మూడడుగులు. మొక్కల మడి ఇంటి గోడకి ఆనించే ఉంది, నాయన ఇటుకలు వరస పేర్చి రెండడుగుల ఎత్తు మట్టి పోసి కట్టాడు, అందులో నందివర్ధనం, ముద్ద మందారం, కనకాంబరాలు, కిటికీ పక్కన మల్లె పందిరి.

వీడియో ఎదురింటి అత్త మనవడు తీసి పంపించాడు. అన్నా, మీరు చెప్పింది ఎంత నిజమో చూడండి. గేటు ముందర కాలవ మీద బండ ఒకటి పగిలి ఉండాది, వాడు కాలు పెట్టంగానే టక్కుమని లేచి పడ్డ చప్పుడు వీడియోలో వినపడతా ఉంది. ఆ సందులోంచి కాలవ వాసన ఎట్టా వస్తుందో నాకు తెలుసు. గేటుకి తుప్పు, గొళ్లెం తీసినాక వాడి చేతికి ఎర్రగా అంటుకుంటే నిక్కరుకి తుడుచుకున్నాడు. గుమ్మం పైన కట్టిన బూడిద గుమ్మడికాయ కుళ్లిపోయి నల్లగా కారి గడప మీద మరకలు. ఎండుటాకు చీలమండ దాకా. పిట్టగోడ మీద రావి మొక్క మొలిచుండాది. కిటికీ కింద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి తెల్లగా ఉప్పు పట్టుంది. చూసి నాకు ఏడుపొచ్చింది. నాయన ఉన్నప్పుడు ఆ గడపకి వారం వారం పసుపు పూసేది అమ్మ.

ఒంగోలు_గిత్త
అయితే చెట్టు కేసు కొట్టేసినట్టే. ముద్దాయి గుమ్మడికాయ.

పెన్నా_గట్టు
బండ కూడా.

సైట్_ఇంజనీరు_ఒంగోలు
ఇప్పుడు అసలు సంగతి చెప్తా, కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు కారు. గేటు ఈశాన్యంలో, ఉత్తరం సందు పదడుగులు అంటున్నారు. అంటే కారు గేట్లోంచి నేరుగా సందులోకే పోద్ది. వేపచెట్టు ఆగ్నేయంలో ఉంటే కారుకి అడ్డమే లేదు. పైగా ముందర ఖాళీ 12 అడుగులే, అక్కడ ఎన్ని టైల్సు పరిచినా కారు నిలువునా పట్టదు. సందులో ఏమున్నాయో చూడండి, నా అంచనా పాత రేకులు, కొబ్బరి మట్టలు, బట్టలుతికే రాయి ఉంటాయి. అవి తీయించి సందు ఖాళీగా చూపించండి, పార్కింగు కనపడిపోద్ది. దానికి మూడున్నర లక్షలు అక్కర్లేదు, ఇద్దరు కూలీలు, ఒక ట్రాక్టరు ట్రిప్పు చాలు.

రెండోది గోడ. కిటికీ కింద పెచ్చులూడింది వానకి కాదు, మీ నాన్నగారు ప్రేమగా కట్టుకున్న మడి వల్ల. పునాది పైన గోడ మొదలయ్యే చోట కింది తేమ పైకి ఎక్కకుండా ఒక పొర వేస్తాం. నేల ఆ పొరకి కిందే ఉండాలి. రెండడుగుల మట్టి గోడకి ఆనించి పోసేసరికి నేల ఆ పొర దాటి పైకొచ్చింది, రోజూ మొక్కలకి పోసిన నీళ్లు నేరుగా ఇటుకలోకి ఇంకుతా ఉంటాయి. నిమ్ముతో పాటు ఉప్పు పైకొచ్చి ఆరిపోయినప్పుడు తెల్లగా పూస్తుంది, ఆ పూత రంగుని లోపల్నుంచి నెట్టేస్తుంది. దాని మీద పుట్టీ పెట్టి ఎంత ఖరీదైన రంగు వేసినా ఆరు నెలలు కూడా నిలవదు. కొనేవాడితో పాటు తెలిసిన మేస్త్రీ ఎవరైనా వస్తే ముందు ఆ చోటే వేలితో గీకుతాడు.

కాబట్టి మడి తీసెయ్యాలి. మొక్కలు పీకెయ్యమని కాదు, గోడకి ఆనుకున్న మట్టి తీసెయ్యమని. గోడకి మొక్కలకి మధ్య కనీసం ఒకటిన్నర అడుగు వదిలి, నేల వాలు గోడ నుంచి గేటు వైపుకి పెట్టించండి. నిమ్ము ఎంత ఎత్తుకి ఎక్కిందో చూసి దానికి ఒక అడుగు పైదాకా పాత ప్లాస్టరింగు పగలగొట్టించి ఇటుకలు బయటపెట్టి వదిలెయ్యండి. ఇప్పుడే ప్లాస్టరింగు చెయ్యొద్దు, రంగులు అసలే వద్దు. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, తడి గోడ మూసేస్తే తేమ లోపలే ఉండిపోద్ది. సంక్రాంతి దాటాక వాటర్‌ప్రూఫ్ కాంపౌండు కలిపి ప్లాస్టరింగు చేయించి, బాగా ఆరాక రంగులు.

కావలి_కుర్రోడు
నేను చెట్టు కొట్టమన్నది వెనక్కి తీసుకుంటున్నా. సందు సంగతి నాకు తట్టలా. కాకపోతే జనవరి దాకా ఇల్లు అట్టా పెట్టుకుని కూచోవాలా ఇంజనీరన్నా? వడ్డీ లెక్కేసుకుంటే?

రిటైర్డు_మాస్టారు_కందుకూరు
ఎటూ పుష్య మాసం శూన్యమాసం, ఆ నెలలో ఎవరూ ఇల్లు ఖాయం చేసుకోరు. మాఘం వచ్చాకే బేరాలు కదులుతాయి. వానల్లో ఇల్లు చూపిస్తే వీధి బురదే కనపడుద్ది. కాబట్టి ఆగితే పోయేదేమీ లేదు.

డాలస్_నెల్లూరోడు
నేను ఇక్కడ రెండేళ్ల కింద ఇల్లు అమ్మాను, మా అనుభవం చెప్తాను. ఇక్కడ ఏజెంటు మొట్టమొదట చెప్పేది లోపల గురించి కాదు, రోడ్డు మీద కారు ఆపినప్పుడు ఇల్లు ఎట్లా కనిపిస్తుంది అనేదే. గడ్డి కోయించాం, అంచులు కత్తిరించాం, చెట్ల మొదళ్ల చుట్టూ చెక్కపొట్టు కొత్తగా పరిపించాం, ముందు తలుపుకి రంగు, ఇంటి నంబరు పెద్ద అంకెల్లో కొత్తది, పోర్టికోలో రెండు పూల కుండీలు. అంతే. పెద్ద పనులు ఏవీ చెయ్యనివ్వలేదు, ఆ డబ్బు తిరిగి రాదు అంది. మీరు కూడా ముందర చిన్న లాను వేయించి చెట్టు చుట్టూ చెక్కపొట్టు పరిపిస్తే ఫొటోల్లో బాగా కనపడుతుంది.

మొక్కల_పిచ్చి
అన్నా, మిగతావన్నీ ఒప్పుకుంటా, చెక్కపొట్టు మాత్రం మన దగ్గర వద్దు. తడి చెక్క పొట్టు ఇంటి గోడ దగ్గర పరిస్తే మన ఊళ్లో చెదలకి పిలిచి పీట వేసినట్టే. దాని బదులు గులకరాళ్లు పరచొచ్చు. లాను కూడా తాళమేసిన ఇంటికి పనికిరాదు, రోజూ నీళ్లు పోసే మనిషి లేకపోతే పది రోజుల్లో పసుపెక్కుద్ది. ఉత్త నేల కంటే పసుపు గడ్డి ఇంకా దరిద్రంగా కనపడుద్ది.

డాలస్_నెల్లూరోడు
చెదల సంగతి మర్చేపోయాను. మా జేజి వాళ్ల తలుపు కమ్మీ తినేసినవి గుర్తొచ్చాయి. పొట్టు మాట కొట్టెయ్యండి.

కావలి_కుర్రోడు
పచ్చగా తొందరగా కనపడాలంటే గోడెంబడి కోనోకార్పస్ వరస పెట్టించండి, నాలుగు నెలల్లో గోడలాగా లేచుద్ది.

మొక్కల_పిచ్చి
తమ్ముడూ నిన్ను ఈ రోజు నాకు కోపం తెప్పించడానికే పంపించారు ఎవరో. దాని వేళ్లు పైపుల్లోకి, కాలవల్లోకి దూరతాయని గుజరాత్ ప్రభుత్వం 2023 లో ఆ చెట్టు నాటడమే ఆపించింది. అమ్మిపొయ్యే ఇంట్లో కొనేవాడికి డ్రైనేజీ తంటా నాటిపెట్టి పోతామా?

కావలి_కుర్రోడు
ఇక నేను చదవడమే, రాయను.

మార్కాపురం_పలక
కాంపౌండు గోడకి బయటి వైపు మన పలకరాయి అతికించండి. ముక్కలుగా కోసినవి దొరుకుతాయి, బూడిద రంగు, తుప్పు రంగు, పచ్చ కలిసొస్తాయి, మళ్లీ రంగులు వెయ్యాల్సిన పనే ఉండదు. విదేశాలకి పొయ్యే రాయి, మనవాళ్లే వాడరు.

లాయరుపేట_లక్ష్మి
నేనొకటి చెప్తా. నాలుగేళ్ల కింద ఒంగోల్లో మా ఇల్లు అమ్మాం. అమ్మేముందు మా ఆయన ఎవరి మాటో విని ముందర వరండా, మెట్లు, వాకిలి మొత్తం నున్నగా పాలిషు పట్టిన నల్ల గ్రానైటు వేయించారు. చీమకుర్తి పక్కనే కదా, గెలాక్సీ రాయి, నల్లదాంట్లో బంగారు చుక్కలు, చూడ్డానికి ఎంత బాగుందో. మొదట చూడ్డానికొచ్చిన కుటుంబంలో పెద్దావిడ చెప్పులు విప్పి మెట్టు మీద కాలు పెట్టింది, ఏప్రిల్ నెల, మధ్యాహ్నం, ఆ నల్లరాయి పెనంలాగా కాలింది, ఆమె అమ్మా అని కాలు తీసి పక్కకి దూకబోయి జారి కూచుంది. దెబ్బ పెద్దగా తగల్లేదు కానీ ఆ బేరం అక్కడే పోయింది, మాకు ఎంత సిగ్గనిపించిందో చెప్పలేను. చివరికి కొన్నాయన ఏం చేశాడో తెలుసా, పైన రెండు అంతస్తులు లేపడానికి ముందరదంతా పగలగొట్టించాడు. మేం పెట్టింది లక్షా ఎనభై వేలు. ఆయన దాని గురించి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలా.

అందుకని మన అభిరుచి అంతా వాకిట్లో పరిచి అమ్మాలనుకోవద్దు. ఎవరి అభిరుచి వాళ్లది. మార్కాపురం అన్న చెప్పిన పలకరాయి నాకూ ఇష్టమే, ఉండబొయ్యే ఇంటికి వేయించుకోవాలి గానీ అమ్మబొయ్యే ఇంటికి కాదు.

కానీ ఒకటి మాత్రం చెయ్యి తల్లీ. ఎవరైనా చూడ్డానికొస్తున్నారంటే ఆ పొద్దున ఎదురింటి వాళ్ల పనమ్మాయితో వాకిలి చిమ్మించి కళ్లాపి చల్లించి ముగ్గు పెట్టించు. తాళమేసిన ఇంటికి అదే కరువు. పెయింటు పాతదైనా పర్లేదు, ముగ్గు ఉంటే ఆ ఇంట్లో మనుషులున్నట్టు ఉంటుంది. సాయంత్రం వచ్చేటట్టయితే వరండాలో లైటు వేయించు. మా రెండో బేరం అట్టాగే కుదిరింది, చుక్కల ముగ్గు చూసి ఆమె గేటు దగ్గర ఆగి చుక్కలు లెక్కబెట్టింది.

మార్కాపురం_పలక
ఒప్పుకున్నా అక్కా. గ్రానైటు వేసేవాళ్లు ఎవరైనా ఉంటే బయటికి మాత్రం గరుకు ఫినిషింగే అడగండి.

పెన్నా_గట్టు
నాదీ ఒక ప్రశ్న ఉంది, ఇక్కడే అడుగుతా. మాది కోవూరు వైపు. 2021 నవంబరు వరదకి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు, మా వీధిలో నడుము లోతు నీళ్లు. కాంపౌండు గోడ మీద నీళ్లు నిలిచిన గీత ఇప్పటికీ ఉంది. మేం కూడా వచ్చే ఏడాది అమ్మాలి. ఆ గీత మీద రంగు కొట్టించమంటున్నాడు మా తమ్ముడు. నాకు మనసు ఒప్పడం లేదు.

కందుకూరు_బుల్లెట్
కొట్టించు అన్నా. మా పిన్ని వాళ్లు కొట్టించారు, ఎవరూ అడగలా. అడిగితే చెప్పు, అడక్కపోతే ఎందుకు చెప్పడం.

లాయరుపేట_లక్ష్మి
రంగు కొట్టించడం తప్పు కాదు, అడిగినా అడక్కపోయినా చెప్పకపోవడం తప్పు. పక్కింటాయన రెండో రోజే చెప్తాడు కొన్నాయనకి.

రిటైర్డు_మాస్టారు_కందుకూరు
ఆ వరద పేపర్లో వచ్చింది, టీవీలో వచ్చింది, దాచాలన్నా దాగదు. గోడ కడిగించుకోండి, రంగు వేయించుకోండి, వచ్చినవాళ్లకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఎన్నాళ్లకి తీశాయో, ఆ తర్వాత మీరు ఏం బాగుచేయించారో మీరే ముందు చెప్పండి. ఒకరిద్దరు వెళ్లిపోతారు. ఉన్నవాడు రిజిస్ట్రేషను దాకా ఉంటాడు. నేను 36 ఏళ్లు పిల్లలకి నిజం చెప్పమని చెప్పినవాణ్ణి, వేరే సలహా ఇవ్వలేను.

కందుకూరు_బుల్లెట్
మాస్టారూ మీరు చెప్పింది కాదనలేను గానీ ధర తగ్గిద్ది, అది కూడా నిజమే.

పెన్నా_గట్టు
తగ్గితే తగ్గనీ. ఇంటి నేల మట్టం రోడ్డు కంటే మూడడుగులు పైకి ఉంది, ఇంట్లోకి నీళ్లు రాలా. అదే చెప్తా.

జేజి_మనవరాలు
వేదాయపాలెం అక్కా, ఒక్క చిన్న సంగతి. గేటు స్తంభానికి మీ నాయన పేరు చెక్కిన రాయి ఉందా? మా ఇల్లు అమ్మినప్పుడు దాన్ని ముందే తీసెయ్యమన్నారు, కొనేవాళ్లు తమ పేరు ఊహించుకోవాలంట. తీస్తే సిమెంటు పెచ్చు ఊడి స్తంభం మీద పెద్ద మచ్చ పడింది, అది చూసి వచ్చినోళ్లందరూ ఏదో గొడవల్లో ఉన్న ఇల్లేమో అనుకున్నారు. రిజిస్ట్రేషను అయిన రోజు తీయించుకుని తెచ్చుకోండి, అప్పటిదాకా తుడిచి ఉంచండి.

వేదాయపాలెం_అమ్మాయి
ఉండాది. నాయన పేరు, కింద అమ్మ పేరు. వీడియోలో దాని మీద బూజు పట్టుంది చూసి వెంటనే ఎదురింటి అత్తకి ఫోన్ చేసి తుడిపించా.

పైనవన్నీ అమ్మకి చదివి వినిపించినా. మడి వల్లే గోడ పాడయిందని విన్నాక కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత, మీ నాయనకి కూడా తెలుసేమోనే, తను చనిపోయిన ఏడు ఆ పక్క గోడ తడి తడిగా ఉందని అన్నాడు అనింది. మల్లె తీగ మాత్రం అంటు కట్టి తెచ్చుకుంటానంది. ఈ నెలాఖరుకి ఇద్దరం పోతుండాం.

మొక్కల_పిచ్చి
మల్లెకి తీగ నేలకి వంచి, కణుపు దగ్గర కొద్దిగా గీసి, మట్టి కప్పి పైన చిన్న రాయి పెట్టండి. మూడు నెలల్లో వేళ్లొస్తాయి. ఒకటి కాదు, నాలుగైదు పెట్టండి, అన్నీ బతకవు. రావి మొక్క సంగతి కూడా చూడండి, పైన తుంచితే మళ్లీ వస్తుంది, వేరు దాకా తవ్వి తీసి కుండీలో పెట్టి ఏదైనా గుడికి ఇచ్చెయ్యండి, అమ్మగారికీ బాధ ఉండదు.

దర్శి_వాడ్రేవు_వీధి
కుండీల్లో ఏం పెట్టాలి అని ఎవరూ చెప్పలా. మా బోరు నీళ్లు ఉప్పు, ఏదీ బతకదు.

మొక్కల_పిచ్చి
ఉప్పు నీళ్లకి కాగితప్పూలు, గన్నేరు తట్టుకుంటాయి. గన్నేరు పాలు విషం, పసిపిల్లలు ఉంటే వద్దు. కాగితప్పూలకి నీళ్లు తగ్గిస్తేనే పూస్తుంది, తాళమేసిన ఇంటికి దానికి మించింది లేదు. ఎర్రమట్టి, మాగిన పేడ, కొంచెం ఇసక, కింద కుండపెంకులు.

వేదాయపాలెం_అమ్మాయి
అందరికీ చెప్పాలని ఆగి ఆగి ఇప్పుడు రాస్తుండా, మూడు నెలలు దాటింది.

అక్టోబరు ఆఖర్లో పోయి నాలుగు రోజులుండి మడి తీయించినాం. మట్టి తీస్తుంటే లోపల ఇటుకలు చేత్తో నలిపితే పొడి పొడిగా రాలినయ్. నందివర్ధనం, మందారం తవ్వి వేరుమట్టితో సహా కాంపౌండు గోడ వైపు నాటించినాం. మందారం పోయింది, నందివర్ధనం బతికింది. సందులో ఇంజనీరన్న చెప్పిన రేకులు, మట్టలు, ఉతికే రాయి అన్నీ ఉండాయి, దాంతోపాటు నాయన పాత సైకిల్ రిమ్ములు రెండు. కాలవ మీద కడప బండలు రెండు కొత్తవి వేయించి వాటి మధ్య సందులు సిమెంటుతో పూడిపించినాం. వానల్లో గోడ అట్టానే వదిలేసినాం, సంక్రాంతి తర్వాత ప్లాస్టరింగు, పది రోజుల కింద రంగులు అయిపొయ్యాయి. గేటు మార్చలా, గీకించి రెడాక్సైడు మీద రెండు కోట్లు నల్ల ఎనామెలు వేసినారు, బందులకి గ్రీజు పెడితే చప్పుడు కూడా పోయింది. ముందర టైల్సు లేవు, ఎర్రమట్టి చదును చేయించి గేటు నుంచి మెట్ల దాకా నాలుగడుగుల వెడల్పు కడప బండల దారి. చెట్టు కింద కొమ్మలు తలకి తగిలేవి మాత్రం కొట్టించినాం. మొత్తం 64 వేలు అయింది, ప్లాస్టరింగు, రంగులతో కలిపి.

ఒక్క భయం. వేపచెట్టు ఆకు పసుపెక్కి రాలిపోతా ఉండాది, సగం మోడు అయ్యింది. వచ్చినోళ్లు చెట్టు చచ్చిపోతుంది అనుకుంటారేమో.

మొక్కల_పిచ్చి
ఏం కాదు, వేపకి ఇది ఆకు రాల్చే కాలం. ఉగాదికి చిగురు, పూత రెండూ వస్తాయి. 2021 లో మన దగ్గర వేపచెట్లకి బూజు తెగులొచ్చి కొమ్మలు ఎండిపోయినట్టయ్యాయి కదా, అప్పటి నుంచి మోడు చూస్తే అందరికీ అదే భయం. చిటికెన వేలంత కొమ్మ గోరుతో గీకి చూపించండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. రోజుకి రెండుసార్లు చిమ్మించండి అంతే.

సైట్_ఇంజనీరు_ఒంగోలు
64 వేలు బాగా జాగ్రత్తగా చేశారు. ఆ గోడ తవ్వినప్పటి ఫొటోలు, ప్లాస్టరింగు ఫొటోలు ఫోన్లో ఉంచుకోండి, కొనేవాళ్లకి చూపించండి. ఈసీ (ఇంటి మీద తాకట్లు, పాత అమ్మకాలు చూపించే కాగితం), లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు), ప్లాను అప్రూవలు కూడా ఒక ఫైల్లో పెట్టి ఉంచండి. వాకిలి చూసి లోపలికొచ్చినవాడు కాగితాల దగ్గర ఆగకూడదు.

వేదాయపాలెం_అమ్మాయి
నిన్న అడ్వాన్సు తీసుకున్నాం. పొదలకూరు నుంచి వచ్చినోళ్లు, భార్యాభర్తలిద్దరూ టీచర్లు, ఆమె అత్తగారు కూడా వచ్చింది. బ్రోకరు మొదట చెప్పిన ధర కంటే లక్ష తక్కువకి ఖాయం చేసినాం, కానీ ఆయన చెయ్యమన్న మూడున్నర లక్షలు పెట్టలేదు కదా. గోడ ఫొటోలు నేనే చూపించినా, నిమ్ము ఎందుకొచ్చిందో ఇంజనీరన్న చెప్పినట్టే చెప్పినా. ఆయన గోడ దగ్గర కూచుని వేలితో గీకి చూసి లేచాడు, ఏం అనలా. ఆ పెద్దావిడ మాత్రం వరండా దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయి చెట్టు కింద నిలబడి, ఇక్కడ నులక మంచం పడుతుందా అని కొడుకుని అడిగింది. పడుతుందమ్మా అని మా అమ్మ జవాబు చెప్పింది, ఆమెని అడక్కపోయినా.

చెట్టు ఉంచుతారా అని నేను అడగలేదు. పేరు రాయి రిజిస్ట్రేషను రోజు తీసుకుంటామని చెప్తే సరే అన్నారు.

లాయరుపేట_లక్ష్మి
చాలా సంతోషం తల్లీ. ముగ్గు పెట్టించావా?

వేదాయపాలెం_అమ్మాయి
అమ్మే పెట్టింది, మెలికల ముగ్గు. పొద్దున అయిదుకే లేచి.

మొక్కల_పిచ్చి
మల్లె అంట్లు?

వేదాయపాలెం_అమ్మాయి
అయిదు పెట్టినాం, మూడిటికి వేళ్లొచ్చినయ్. నూనె డబ్బాల్లో పెట్టుకుని రైల్లో తెచ్చుకున్నాం. ఒకటి చిగురేసింది, రెండు అట్టానే ఉండాయి. బాల్కనీలో పొద్దుటెండ తగుల్తుంది. రోజూ నీళ్లు పొయ్యాలా?

మొక్కల_పిచ్చి
రోజూ వద్దు. మట్టిలో వేలు సగం దాకా గుచ్చి చూడండి, పొడిగా ఉంటేనే పొయ్యండి. డబ్బా అడుగున చిల్లులు పెట్టారా?